నడుముకి రాడ్లు వేయించుకోవాలా? సంతకం పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

నడుం నొప్పితో విశాఖ వెళ్లి, "ఎల్4–ఎల్5 (నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య చోటు) అరిగిపోయింది, రాడ్లు వేయాలి" అనే మాట పట్టుకుని తిరిగొచ్చేవాళ్లు మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చాలామందే ఉన్నారు. ఇంటికొచ్చాక ఇంట్లో రెండు జట్లు. డాక్టరు చెప్పాక ఇంకా ఆలోచనేంటని ఒకరు, నడుముకి కత్తి తగిలితే ఇక మంచమే గతి అని ఇంకొకరు. ఇద్దరిదీ తొందరే. ఈ ఆపరేషన్ కొందరిని మళ్లీ నడిపిస్తుంది. కొందరికి డబ్బు పోతుంది, ఏడాది పోతుంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మనం ఏ కోవలోకి వస్తామో చాలావరకు ముందే తెలుసుకోవచ్చు. అందుకు మూడు సంగతులు తేలాలి: ఎముక ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కదులుతోందా, నరం నొక్కుకుంటోందా, అసలు నొప్పి పుట్టేది అక్కడేనా.

ముందు, ఆలోచించడానికి వ్యవధి లేనివాళ్ల సంగతి. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తొడల లోపలి వైపు మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, రెండు కాళ్లూ రోజురోజుకీ బలహీనపడుతున్నా ఇంక ఈ వ్యాసం పక్కన పెట్టండి. ఆ రాత్రే బయల్దేరి, ఎమ్మారై తీసి వెన్నెముక ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి చేరాలి. మూత్రం నరాలు ఒకటి రెండు రోజులు నలిగిపోతే తర్వాత ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకుంటాయన్న భరోసా లేదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నెముక టీబీ సంగతి చూడాలి. దానికి ముఖ్య వైద్యం మందులే. ఏడాది, ఒక్కోసారి అంతకు మించి వాడాలి. ఎముక కూలి నరాల మీద పడినప్పుడో, వెన్ను వంకర తిరుగుతున్నప్పుడో మాత్రమే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఇక మిగతా అందరికీ. ఫ్యూజన్ అంటే రెండు వెన్నుపూసల్ని కలిపి ఒకే ఎముకగా మార్చడం. మన దగ్గర ఎక్కువగా చేసేది వెనక నుంచే. బోర్లా పడుకోబెట్టి, ఒక లెవెల్‌కైతే (అంటే ఒక జత పూసలకి) పై పూసకి రెండు, కింది పూసకి రెండు టైటానియం స్క్రూలు బిగిస్తారు. ఒక్కోటి దాదాపు ఆరున్నర మిల్లీమీటర్ల లావు, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రెండు వైపులా రాడ్లతో వాటిని కలుపుతారు. ఒక పక్క కీలు తొలగించి, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ని గోకి తీసేసి, ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మె పెడతారు. కేజ్ లోపలా చుట్టూ ఎముక ముక్కలు కూరతారు. ఆ ముక్కలు తొలగించిన కీలు నుంచో, తుంటి ఎముక నుంచో తీసుకుంటారు. ఇదంతా రెండు నుంచి నాలుగు గంటల పని.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. నడుముని నిలబెట్టేది రాడ్లు కావు, ఆ ఎముక ముక్కలు అతుక్కోవడమే. స్లాబు గట్టిపడేదాకా కింద సెంట్రింగ్ ఎలాగో, ఎముక కట్టుకునేదాకా రాడ్లు అలాగ. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఎముక కట్టుకోకపోతే నడిచిన ప్రతి అడుగు బరువూ లోహం మీదే పడుతుంది. వేలసార్లు వంచిన తీగలా చివరికి రాడ్డు విరుగుతుంది, లేదా ఎముకలో స్క్రూ వదులవుతుంది. అప్పుడు రెండో ఆపరేషన్. అందుకే "మంచి కంపెనీ స్క్రూలు వేయండి" అని అడగడం కన్నా "నా ఎముక అతుక్కునే స్థితిలో ఉందా" అని అడగడం అవసరం.

ఎవరికి పనికొస్తుందంటే, ఒక పూస మరోదాని మీద నుంచి ముందుకు జారి, వంగినప్పుడూ లేచినప్పుడూ కదులుతున్నవాళ్లకి. కుర్రవాళ్లలో ఇది ఎక్కువగా ఎల్5–ఎస్1 (ఐదో నడుము పూస దాని కింది త్రికాస్థితో కలిసే చోటు) దగ్గర, పూస వెనక భాగంలో చీలిక వల్ల వస్తుంది. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా ఎల్4–ఎల్5 దగ్గర, కీళ్లు అరిగి వస్తుంది. పూస వెడల్పులో నాలుగో వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం లోపు అయితే గ్రేడ్ 2, అలా గ్రేడ్ 4 దాకా. ఎముక విరగడం, వెన్ను బాగా వంకర తిరగడం, టీబీతోనో కణితితోనో పూస కూలిపోవడం కూడా ఫ్యూజన్‌కి సరైన కారణాలే.

ఈ కదలిక ఎమ్మారైలో చాలాసార్లు కనబడదు. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు. పడుకోగానే జారిన పూస కొంత వెనక్కి సర్దుకుంటుంది. కాబట్టి నిలబడి పక్క నుంచి మూడు ఎక్స్‌రేలు తీయించుకోవాలి: నిటారుగా ఒకటి, వంగగలిగినంత ముందుకి వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి. ముందుకీ వెనక్కీ మధ్య పూస మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటి జరిగినా, పది డిగ్రీలు దాటి తిరిగినా అస్థిరత ఉందంటారు. రాయగడలోనైనా తీయించుకోగలిగిన మామూలు ఎక్స్‌రే ఇది. నొప్పికి భయపడి సగమే వంగితే ఫిల్ము అబద్ధం చెబుతుంది. అందుకే నొప్పి మాత్ర వేసుకుని, పట్టుకోవడానికి ఒక కుర్చీ పెట్టుకుని, ఎంతవరకు వంగగలరో అంతవరకూ వంగండి. ఈ మూడు ఫిల్ములు చూడకుండా "ఎముక కదులుతోంది, కలపాలి" అంటే ఆ మాటకి ఆధారం ఏమిటని అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు పెద్ద గుంపు: జారడం లేదు, కాలి నొప్పి లేదు, ఎమ్మారైలో మాత్రం డిస్క్ నల్లబడింది, గ్యాప్ తగ్గింది, బల్జ్ (డిస్క్ బయటికి ఉబ్బడం) ఉంది. వీళ్లకే నా ఆందోళనంతా. ఏ నొప్పీ లేని మనుషుల ఎమ్మారైలు పోగుచేసి 2015లో లెక్కగట్టారు. ఇరవై ఏళ్ల వయసులోనే నూటికి 37 మందిలో అరిగిన డిస్క్ ఉంది. యాభై ఏళ్లకి 80 మందిలో, ఎనభై ఏళ్లకి 96 మందిలో. బల్జ్ కూడా యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందిలో కనబడింది. అంటే పొలం పని చేసి పండిన నడుముకి ఎమ్మారై తీస్తే ఏదో ఒకటి రాయకుండా రిపోర్టు రాదు. రిపోర్టులో ఉన్నదే నొప్పికి కారణమని ఎలా అనగలం?

ఇలాంటి అరుగుదల నొప్పికి ఫ్యూజన్ మీద మూడు ప్రసిద్ధ పరిశోధనలు దగ్గరపెట్టుకుని చూడాలి. 2001లో స్వీడన్‌లో 294 మంది మీద జరిగినదానిలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 63 శాతం రెండేళ్ల తర్వాత మెరుగయ్యామన్నారు. మామూలు ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లలో 29 శాతమే అలా అన్నారు. ఇక్కడితో చదవడం ఆపితే ఆపరేషనే గెలిచినట్టు. కానీ 2003లో నార్వేలో, 2005లో బ్రిటన్‌లో 349 మందిలో, ఆపరేషన్‌కి పోటీగా పెట్టింది మామూలు ఫిజియో కాదు. రోజుకి గంటల తరబడి, వారాలపాటు, నొప్పంటే భయం పోగొడుతూ చేయించిన గట్టి వ్యాయామం. దానితో పోల్చినప్పుడు నార్వేలో తేడా తేలలేదు, బ్రిటన్‌లో నూరు మార్కుల స్కేలు మీద ఆపరేషన్ వైపు నాలుగు మార్కుల తేడా వచ్చింది. ఆ నార్వే, బ్రిటన్ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లని సగటున 11 ఏళ్లకి మళ్లీ చూస్తే రెండు వర్గాలూ సమానం. 2016లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాల్లో, ఉత్త నడుం నొప్పికి పరిశోధనలో భాగంగా తప్ప ఫ్యూజన్ చేయవద్దని రాసింది.

ఇందులో మనకి పనికొచ్చే మాట ఇది: ఏ వైద్యంతో పోల్చారన్నదాన్ని బట్టి ఆపరేషన్ గొప్పగా కనబడుతుంది, లేదా కనబడదు. మన దగ్గర "ఫిజియో చేయించాం, తగ్గలేదు" అంటే పది రోజులు కరెంటు పెట్టించుకుని, వేడి కాపడం పెట్టించుకోవడం. అది చేసి తగ్గలేదంటే వ్యాయామం ఓడిపోయినట్టు కాదు, వ్యాయామం ఇంకా మొదలే కానట్టు.

మొదలుపెట్టడం అంటే కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు. జిల్లా ఆస్పత్రి ఫిజియో గదిలో పద్ధతి నేర్చుకుని ఇంట్లో రోజూ చేయాలి. మొదటిది: నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాచి పది సెకన్లు నిలపాలి. నడుము మీద నీళ్ల గిన్నె పెట్టినా ఒలకనంత కదలకుండా. ఒక్కో వైపు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్లీ రెండుసార్లు. పది సెకన్లు దాటించి పట్టడం కన్నా సార్లు పెంచడం మేలు. ఎక్కువసేపు పడితే కండరం అలిసి నడుము కుంగుతుంది, నొప్పి అప్పుడే రేగుతుంది. రెండోది మోచెయ్యి, మోకాలు ఆనించి పక్కకి లేచి నిలవడం, ఇదే లెక్కన. మూడోది వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, నడుము కింద అరచేతులు పెట్టి తలా భుజాలూ కొద్దిగా మాత్రమే లేపడం. వీటితోపాటు పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చదునైన చోట నడక. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లాలి. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకుండా తుంటి దగ్గర మడిచి, బరువుని ఒంటికి ఆనించి లేవడం నేర్చుకోవాలి. జీడిపిక్కలు ఒలిచేవాళ్లు నేల మీద కాకుండా జానెడు ఎత్తు పీట మీద కూర్చుని, అరగంటకోసారి లేవాలి. బెల్టు పని చేసేటప్పుడు మాత్రమే. రోజంతా కట్టుకుంటే కండరాలు పని మానేస్తాయి.

మెరుగయిందో లేదో మనసుకి తోచినట్టు కాకుండా కొలవాలి. ఆస్వెస్ట్రీ అనే ప్రశ్నపత్రం ఉంది. నొప్పి, కూర్చోవడం, నిలబడడం, నడక, నిద్ర, ప్రయాణం లాంటి పది అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తాన్ని రెట్టింపు చేస్తే శాతం. నలభై దాటితే ఇబ్బంది తీవ్రమే. మొదటి రోజు రాసి, మూడు నెలలకి మళ్లీ రాయండి. ఆ శాతం పది తగ్గితే దారి సరైనదే. శ్రద్ధగా చేశాక కూడా కదలకపోతే ఆ కాగితమే సర్జన్ దగ్గర మీ సాక్ష్యం.

కాలి నొప్పి ఉన్నవాళ్ల లెక్క వేరు. పిరుదు నుంచి పిక్క దాటి పాదం దాకా కరెంటు లాగినట్టు వచ్చే నొప్పి డిస్క్ ముక్క నరాన్ని నొక్కడం వల్లయితే, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే ఆ ముక్క మాత్రం తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది, రాడ్లు అక్కర్లేదు. పెద్దవయసులో నరాల దారి ఇరుకైనవాళ్లు వంద అడుగులు నడిస్తే కాళ్లు బరువెక్కి కూలబడతారు. కూర్చుంటేనో, ముందుకి వంగితేనో తేలికవుతుంది. సైకిలు ఎంత దూరమైనా తొక్కగలరు. నిలబడి ఆగితేనే తగ్గిపోయి, సైకిలు తొక్కినా పిక్క పట్టేస్తుంటే, పాదంలో నాడి అందకపోతే, అది కాలి రక్తనాళాల జబ్బు. చుట్ట, బీడీ తాగేవాళ్లలో ఇది ఎక్కువ. వెన్నెముకకి ఎన్ని స్క్రూలు వేసినా అది తగ్గదు.

నరాల దారి ఇరుకుకి ఎముక చెక్కి దారి వెడల్పు చేస్తే చాలా, దానితోపాటు కలపాలా అన్నది పాత వాదం. 2016లో స్వీడన్ పరిశోధనలో కలపడం వల్ల అదనపు లాభం కనబడలేదు. అదే ఏడాది అమెరికాలో 66 మంది మీద జరిగినదానిలో కొద్ది లాభం కనబడింది. 2021లో నార్వేలో, పూస జారినవాళ్లలోనే, చెక్కడం ఒక్కటే చేసినా కలిపినవాళ్లకి తీసిపోలేదు. కాబట్టి "కలపకుండా నరం మీద ఒత్తిడి మాత్రం తీస్తే నాకు ఎందుకు సరిపోదు?" అని నేరుగా అడగండి. మంచి సర్జన్ దగ్గర దీనికి మీ ఫిల్ము చూపించి చెప్పే జవాబుంటుంది.

మన ప్రాంతంలో తప్పకుండా చూడాల్సింది ఇంకొకటి. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఎక్కువ. దానివల్ల తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది, ఆ నొప్పిని నడుం నొప్పిగా చెప్పుకుంటారు. గజ్జలో నొప్పి, బాసింపట్టు వేసుకోలేకపోవడం, కాలు లోపలికి తిప్పితే ప్రాణం పోవడం ఉంటే ముందు తుంటికి ఎక్స్‌రే, అవసరమైతే ఎమ్మారై తీయించాలి. సికిల్ సెల్ పరీక్ష మత్తు డాక్టరుకి కూడా అవసరం. ఆపరేషన్‌లో ఒళ్లు చల్లబడినా, నీరు తగ్గినా ఆ రోగికి ప్రమాదం. బరంపురం ఎంకేసీజీలోనో, కోరాపుట్ మెడికల్ కాలేజీలోనో చూపించుకునేటప్పుడు ఒడియాలో నొప్పి తీరు చెప్పడం కష్టమైతే, తెల్లకాగితం మీద మనిషి బొమ్మ వెనకా ముందూ గీసి, నొప్పికి ఎర్ర గీతలు, తిమ్మిరికి చుక్కలు పెట్టి తీసుకెళ్లండి. భాష ఒకటే అయినా ఆ బొమ్మ పనికొస్తుంది.

ఫ్యూజన్ అవసరమేనని తేలిందనుకుందాం. ఎముక అతకడానికి మొదటి శత్రువు నికోటిన్. సిగరెట్టు ఒక్కటే అనుకోకండి. చుట్ట, ఖైనీ, గుట్కా, పళ్లకి రాసుకునే గుడాకు అన్నీ అదే. గుడాకు పళ్లపొడి అనుకుని డాక్టరుకి చెప్పనివాళ్లు చాలామంది. ఆపరేషన్‌కి కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఆపి, తర్వాత మూడు నెలలైనా ముట్టకూడదు. షుగరు ఉంటే మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ ఏడున్నర లోపుకి తెచ్చుకోవాలి. ఎక్కువుంటే గాయం చీము పడుతుంది. రక్తపరీక్షలో విటమిన్ డి 30 దాటాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లకి, కీళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి ఊళ్లో "దెబ్బకి తగ్గే ఇంజెక్షన్" వేయించుకున్నవాళ్లకి ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష తప్పనిసరి. ఆ ఇంజెక్షన్లలో చాలావాటిలో ఉండేది స్టెరాయిడే. ఎముక బెండులా మారితే స్క్రూ పట్టదు. అలాంటప్పుడు కొన్ని నెలలు ఎముక మందులు వాడి అప్పుడు చేయించుకోవడమే మేలు. గుండెకి ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా మానకండి.

ప్రమాదాల్ని దాచకుండా చెప్పమనండి. స్క్రూలు వేసిన ఆపరేషన్లలో నూటికి రెండు నుంచి నాలుగు మందికి చీము పట్టవచ్చు. నరానికి దెబ్బ తగిలి పాదం వాలిపోవచ్చు. నరాల పొర చిరిగి నీరు కారవచ్చు. కలిపిన చోట కదలిక పోయినందుకు దాని పై లెవెల్ మీద భారం పడి, ఏటా నూటికి సుమారు రెండు నుంచి నలుగురికి పక్క లెవెల్‌కి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. నలభై ఏళ్లవాడికీ డెబ్బై ఏళ్లవాడికీ ఈ లెక్క ఒకటి కాదు. చిన్నవాడికి ముందున్న ఏళ్లు ఎక్కువ. ఉత్త నడుం నొప్పికి మూడు నాలుగు లెవెళ్లు కలపాలంటే మాత్రం రెండో అభిప్రాయం లేకుండా ఒప్పుకోవద్దు. విశాఖలోని కేజీహెచ్, విమ్స్, బరంపురం ఎంకేసీజీ, భువనేశ్వర్ ఎయిమ్స్, ఎక్కడైనా సరే. మొదటి డాక్టరు ఏం చెప్పారో చెప్పకుండా ఫిల్ములు మాత్రం చూపించండి.

డబ్బు సంగతి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. ఆంధ్రా రేషన్ కార్డుతో వచ్చే వైద్యసేవ ఒడిశా నివాసులకి వర్తించదు. అందుకని విశాఖలో చేయించుకుంటే ఆ ఆస్పత్రి మీ కార్డుని ఈ ఆపరేషన్‌కి తీసుకుంటుందా అని, చేరకముందే, కౌంటర్లో కార్డు చూపించి తేల్చుకోండి. డిశ్చార్జ్ రోజు స్క్రూలు, రాడ్లు, కేజ్‌ల స్టిక్కర్లు అతికించిన కాగితం అడిగి తీసుకోండి. పదేళ్ల తర్వాత వాటిని తీయాల్సొస్తే ఏ పనిముట్టుతో తిప్పాలో ఆ స్టిక్కరే చెబుతుంది.

వ్యవసాయం చేసేవాళ్లు కేలండరు చూసుకుని ఒప్పుకోవాలి. సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటే ఉభాలకి సిద్ధమవుతామనుకుంటారు. కాలేరు. గంటల తరబడి వంగి నాటడం ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రేలో చూశాకే. ఆ ఏడాది నాట్లకి వేరే మనిషిని మాట్లాడుకోవాల్సిందే.

ఇల్లు కూడా ముందే సర్దాలి. నులక మంచం, నవారు మంచం కుంగుతాయి. మోకాలి ఎత్తున గట్టి పరుపున్న మంచం కావాలి. మరుగుదొడ్డి నేల మీదిదైతే పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ కొనండి. స్నానపు బకెట్‌ని స్టూలు మీద పెట్టండి, చెంబు కోసం వంగే పనుండదు. లేవడం ఆస్పత్రిలోనే నేర్చుకోవాలి: మోకాళ్లు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి పక్కకి తిప్పి, కాళ్లు కిందకి దించుతూనే మోచేత్తో ఒళ్లు పైకి తోయాలి. నడుము మెలిపడకూడదు. మొదటి ఆరు వారాలు రెండు మూడు కిలోలు దాటి ఎత్తొద్దు, బండి నడపొద్దు, మూడు నెలలు నేల మీద కూర్చోవద్దు. నడక మాత్రం మొదటి రోజుల నుంచే. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొని నెలల తరబడి మింగొద్దు, ఎముక అతకడం మందగిస్తుంది. ఇంటికి రావడానికి ఘాట్ రోడ్డు బస్సు వద్దు. రైల్లో కింది బెర్తు తీసుకుని, ముప్పావుగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. ఎక్స్‌రేలు ఆరు వారాలకి, మూడు, ఆరు, పన్నెండు నెలలకి. ఈ రాకపోకల ఖర్చు కూడా మొదటి లెక్కలోనే వేసుకోండి. రెండు మూడు వారాల్లోపు జ్వరం వచ్చినా, గాయం తడిగా ఉన్నా, నీళ్లలాంటిది కారినా, పడుకుంటే తగ్గి లేస్తే వచ్చే తలనొప్పి ఉన్నా ఊళ్లో కట్టు మార్పించుకుంటూ రోజులు గడపొద్దు. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రయితే ఎవరెత్తుతారు, రాయగడలో ముందుగా ఎవరికి చూపించుకోవాలి అన్నవి సంతకం పెట్టేముందే అడిగి, ఆ నంబర్లు ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాయించుకోండి.